ఇంపాలా కుడిపక్క

మా మంచం కింద ఊళ్లో పెద్దావిడ దోన్యా యుఫేలియా కారు తాలూకు పట్టీలు పడుకుని ఉన్నాయని పెళ్లయిన మర్నాడే తెలిసింది. అరవై రెండు నాటి ఇంపాలా అది. దాని ఒంటి పొడవునా ముందు దీపం నుంచి వెనక దీపం దాకా పరిగెత్తే స్టీలు పట్టీలు. వంగకుండా పడుకోబెట్టాలంటే షెడ్డులో అంత చోటు లేదు, మా గదిలోనే ఉంది. పాత దుప్పట్లలో చుట్టి పసిపిల్లల్లా వరసగా పెట్టారు. నేను పక్కమీద ఇటు నుంచి అటు దొర్లితే చాలు, మా ఆయన అర్సేనియో "మెల్లగా, కింద ఇంపాలా ఉంది" అనేవాడు. కాలేజీ చదువు చదివి, బడిలో సైన్సు పాఠాలు చెప్పే నేను ఆ మాటకి ప్రతిసారీ దిండులో మొహం దాచుకుని నవ్వేదాన్ని.

పట్టీలు చూశాను గానీ కారును చూడనివ్వలేదు. అది పాత కార్లు బాగుచేసే మా మామగారు బెలార్మినో నియమం. బండిని రోజూ ముట్టుకునేవాడికి అది ఎలా ఉండాలో అలాగే కనిపిస్తుందిట, ఎలా ఉందో కనిపించదుట. అందుకని ప్రతి కారుకూ ఇంట్లో ఒకరిని షెడ్డు గడప తొక్కనివ్వరు. ఆఖరి పట్టీ బిగించే రోజున ఆ మనిషి ఇంటి ముందు కాలువ అవతల నిలబడి, ఎత్తాలో దించాలో కేకేసి చెప్పాలి. ఆ మనిషిని కొత్త కన్ను అంటారు. ఈసారి ఆ పదవి కొత్త కోడలికి దక్కింది. అదేదో రాణీగారి కిరీటం దొరికినట్టు నేను బడంతా చెప్పుకుని తిరిగాను.

ఈస్టరు ముందు శనివారం పొద్దున్న షెడ్డు తలుపులు తెరిచి కారును ఎండలోకి తోశారు. అప్పుడే మొదటిసారి చూడడం. పైకప్పులకి వేలాడే ఎండుమిరప దండల రంగు. లోపలెక్కడో దీపం పెట్టినట్టు వెలుగుతోంది. చలికాలమంతా మామగారు ఆ రంగు పనిలోనే గడిపారు. నేను చప్పట్లు కొట్టాను. ఎవరూ నవ్వలేదు.

అర్సేనియో మొహం చూశాక నా చప్పట్లు ఆగిపోయాయి.

"ఏమైంది?"

"కుడి పక్క ముందు మడ్‌గార్డు చూడు. రంధ్రాలు లేవు."

పాత మడ్‌గార్డు తుప్పు పట్టి పోతే, పాత బండ్ల యార్డు నుంచి ఇంకోటి తెచ్చారు. అది పట్టీలు లేని చవక రకం బండిది. పట్టీ బిగించే రంధ్రాలు రంగు వెయ్యక ముందే తొలుచుకోవాలి. అది చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతి. కానీ ఆ మడ్‌గార్డుకి రంగు వేసింది మా పెళ్లి వారం. ఇంటినిండా చుట్టాలు, పొయ్యిమీద గంగాళాలు. మామగారు పాట పాడుకుంటూ రంగు వేసేశారు. ఆ తర్వాత పెళ్లి విందులో మా అత్తయ్యను గిరగిరా తిప్పబోయి కింద పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. ఇప్పుడు ఆ చేతికి కట్టు.

"డ్రిల్లు నువ్వే పట్టాలి" అన్నారు మామగారు కొడుకుతో. అంత పని అర్సేనియో చేతికి రావడం ఇదే మొదలు. "మొన జారిందా, రంగు చిట్లుతుంది. చోటు తప్పిందా, ఆ రంధ్రం పూడ్చి పక్క మొత్తం మళ్లీ వెయ్యాలి. ఇంకో నెల."

నెల మాటే లేదు. మర్నాడు ఈస్టరు పూజ అయ్యాక చర్చి ముందు ఫాదర్‌గారు కార్ల మీద పవిత్ర జలం చల్లుతారు. దోన్యా యుఫేలియా భర్త సెలెస్తీనో ఏటా ఈ ఇంపాలాను ఆ వరసలో మొదట నిలబెట్టేవాడు. కిందటి ఏడు ఆయన పోయాక బండి కదల్లేదు. ఈ ఈస్టరుకి అందులో కూర్చుని వస్తానని ఆవిడ ఊరందరికీ చెప్పేసింది.

మామగారి దగ్గర ఉపాయం ఉంది. ఎడమ మడ్‌గార్డు మీద కాగితం పరిచి, దాని రంధ్రాల జాడ తీసి, ఆ కాగితాన్ని తిరగేసి కుడి పక్కన అంటించారు. రంగు మీద ముందు టేపు, టేపు మీద పెన్సిలు గుర్తులు. ఆ గుర్తుల ప్రకారం పట్టీని తాత్కాలికంగా టేపుతో నిలబెట్టారు. తలుపు మీది పట్టీ కొసను ముట్టుకుని ఇదీ ముందుకు సాగింది.

"ఇక పో, కొత్త కన్నూ!" అన్నారు నాతో.

చెక్క పలక మీదుగా కాలువ దాటి అవతల గట్టున నిలబడ్డాను. ఎండ పట్టీ మీద తెల్లటి గీతలా సాగుతోంది. వెనక నుంచి తలుపు దాకా గీత చక్కగా వచ్చింది. తలుపు దాటాక...

కళ్లు మూసుకుని మళ్లీ చూశాను. బాగుందని కేకేస్తే అయిపోతుంది. ఇద్దరూ నన్నే చూస్తున్నారు. అర్సేనియో చేతిలో డ్రిల్లు.

"పట్టీ ముక్కు వాలింది!" అన్నాను.

"ఎంత?" అన్నారు మామగారు.

"బియ్యపు గింజంత."

"ఎడమ పక్కన ఎంతుందో అంతే పెట్టాను. ఫ్యాక్టరీ రంధ్రాలు అబద్ధం చెప్పవు మిహా." కోడల్ని కూతురిలా ఆయన పిలిచే పిలుపది.

"చెప్పవేమో. కానీ వాలింది."

"ఇది కొత్త కన్ను కాదురా" అన్నారాయన కొడుకు వైపు తిరిగి. "పెళ్లికూతురి కన్ను. అన్నీ తేలిపోతూ కనిపిస్తాయి దీనికి."

"ఒర్లీ, ఇంకోసారి చూడవా?" అన్నాడు అర్సేనియో నాతో. ఆ గొంతులో బతిమాలడం ఉంది. అటు నాన్న, ఇటు నేను, మధ్యలో ఆ ఎర్రటి రంగు.

ఇటు వచ్చి ఎడమ పక్కను కూడా చూపించమన్నాను. ఎడమ పట్టీని దాని రంధ్రాల్లో పెట్టి, బండిని తిప్పి నిలబెట్టారు. మళ్లీ కాలువ దాటాను. ఎడమ పక్కన కూడా ముక్కు వాలింది. అంతే, బియ్యపు గింజంత.

"చూశావా! దాని పుట్టుకే అంత" అన్నారు మామగారు. "తొలవరా!"

బండి మళ్లీ తిరిగింది. అర్సేనియో డ్రిల్లు మొనకి టేపు చుట్టాడు, లోతు దాటకుండా. మోకాళ్ల మీద కూర్చున్నాడు. అతని మెడ మీద చెమట కనబడింది నాకు. నేను పరిగెత్తుకుంటూ పలక దాటి వచ్చేశాను.

"ఆగు!"

"ఒర్లీ!" అన్నాడు అర్సేనియో.

"ఎవరైనా కావాలని వంకరగా చేస్తారా? మామయ్యా, ఎడమ దాని వెనక ఒక్కసారి చెయ్యి పెట్టి చూడండి. ఒక్కసారి. అంతా బాగుంటే వారం రోజులు గిన్నెలన్నీ నేనే తోముతాను."

"ఇప్పుడు మాత్రం తోముతున్నావా?" అన్నారు గానీ, కట్టు లేని చేతిని ఎడమ చక్రం పైనుంచి లోపలికి దూర్చారు. ఆయన వేళ్లు వెతుకుతుంటే ఆయన మొహాన్నే చూస్తున్నాం. కాసేపటికి కనుబొమలు దగ్గరయ్యాయి.

"అంచులు గరుగ్గా ఉన్నాయి" అన్నారు మెల్లగా. "ఇది ఫ్యాక్టరీ పని కాదు. ఎవడో చేత్తో తొలిచాడు."

"మా ఆయనే!"

ముగ్గురం వెనక్కి తిరిగాం. దోన్యా యుఫేలియా, చేతిలో బిస్కొచీతో బిస్కెట్ల పళ్లెం, మీద తెల్ల గుడ్డ. ఎప్పుడు వచ్చిందో ఎవరం చూడలేదు.

"పెళ్లయిన కొత్తలో గేటు స్తంభానికి గుద్దాడు" అంది. "నన్ను చూస్తూ నడిపాడు మరి. మడ్‌గార్డు మార్చి, పట్టీ తనే బిగించాడు. వంకరొచ్చిందని నాకప్పుడే తెలుసు. చెప్పలేదు. ఎంత మురిసిపోయాడనుకున్నావ్!"

మామగారు టోపీ తీసి తల గోక్కున్నారు. "దోన్యా, అయితే రెండు పక్కలూ సరిచెయ్యాలి. అది పూడ్చి, మళ్లీ రంగు..."

"రేపటికి అవుతుందా?"

"అవదు."

"అయితే దాని జోలికి పోకు. నా వంకర నాకుండనీ. కుడి పక్క మాత్రం నువ్వు సిగ్గుపడక్కర్లేకుండా చెయ్యి."

"రెండూ రెండు రకాలుగా ఉంటాయి కదా!"

"కారు రెండు పక్కల్నీ ఒకేసారి చూసిన మొనగాణ్ణి ఒక్కణ్ణి చూపించు బెలార్మినో!"

 మామగారు కాగితం చింపేశారు. ఇక జాడ లేదు, కొలత లేదు. నా కన్ను ఒక్కటే.  ఇందాక తప్పు పట్టడం తేలిక. ఇప్పుడు ఒప్పు చెప్పాలి.

కాలువ అవతలికి వెళ్లాను. అర్సేనియో పట్టీ ముక్కును వేలితో పట్టుకున్నాడు.

"పైకి."

కదిలింది.

"ఇంకాస్త. అబ్బా, అంత కాదు! కిందికి. వెంట్రుకవాసి."

మబ్బు వచ్చి ఎండ పోయింది, తెల్ల గీత ఆరిపోయింది. "కదలకు!" అని అరిచాను. అతను ఊపిరి కూడా తియ్యకుండా అలాగే ఉన్నాడు.  మబ్బు జరిగింది. గీత వెనక నుంచి పరిగెత్తుకు వచ్చి, తలుపు దాటి, ఎక్కడా తడబడకుండా ముక్కు దాకా పోయింది.

"అదీ! అక్కడే!"

పెన్సిలు గుర్తులు పడ్డాయి. పట్టీ దించి, టేపు మీద మేకు మొన ఆనించి చిన్న సుత్తితో ఒక చుక్క కొట్టాడు. నేను వచ్చి అతని పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. డ్రిల్లు సన్నగా మొదలైంది. ఇనుప పొట్టు మెలికలు తిరుగుతూ వచ్చింది, ముందు ఎర్రగా, తర్వాత తెల్లగా. మామగారు తన కట్టును తానే గట్టిగా పట్టుకుని ఉన్నారు. దోన్యా యుఫేలియా పెదవులు ప్రార్థన చేస్తున్నాయి. మొన లోపలికి దిగిన చప్పుడు వినగానే అతను చెయ్యి వెనక్కి లాగాడు. టేపు ఊడదీశాడు.

రంగు మీద ఒక్క చీలిక లేదు. గుండ్రటి నల్ల చుక్క, అంతే.

మిగతా రంధ్రాలూ అలాగే పడ్డాయి. వాటి అంచులకి తుప్పు పట్టకుండా రంగు అద్దాక పట్టీ పెట్టాడు. వెనక నుంచి నట్లు బిగించడానికి అతను లోపలికి చెయ్యి దూర్చితే, పట్టీ కదలకుండా బయట నేను పట్టుకున్నాను. ఆ స్టీలులో మా ఇద్దరి మొహాలూ సాగిపోయి, ముక్కులు కలిసిపోయి కనిపించాయి. నవ్వాపుకోవడం ఎంత కష్టమైందో!

దోన్యా యుఫేలియా మాత్రం ఎడమ పక్కకి వెళ్లి, ఆ వాలిన ముక్కు మీద తెల్ల గుడ్డతో ఒకసారి తుడిచి వచ్చింది.

మామగారు బిస్కొచీతో కొరుకుతూ కాలువ దాకా నడిచి, వెనక్కి తిరిగి చాలాసేపు చూశారు.

"బాగానే ఉంది" అన్నారు. "కానీ మిహా, నీ కన్ను ఇవాళ్టితో పాతబడిపోయింది. వచ్చే ఏడు ఇంకో బండి వస్తోంది. ఇంట్లోకి ఇంకో కొత్త కన్ను కావాలి. మీరిద్దరూ ఆ సంగతి చూడండి."

మడ్‌గార్డు లోపల అర్సేనియో చేతిలోంచి ఆఖరి నట్టు జారి, టంగుమని మోగుతూ దొర్లిపోయింది.