ఒక్కటే కుర్చీ

"కోత లేదు, కుట్టు లేదు. గిదేం ఆపరేషనే?" అన్నాడు నరహరి, పిండి సంచి బండి మీద దించుతూ.

అతని భార్య రోజారాణి పొయ్యి ముట్టించింది. పొద్దున దవాఖానలో ఆమె కాలి నరంలోకి సన్నటి తీగ దూర్చి, చెడిపోయిన నరాన్ని లేజరుతో లోపలే మూసేశారు. పైకి సూది గుచ్చినంత గాటు తప్ప ఏమీ లేదు. తొడ దాకా బిగుతు మేజోడు తొడిగి మధ్యాహ్నానికే పంపేశారు. సాయంత్రానికి సిద్దిపేట బస్టాండు దగ్గర, తమ జొన్నరొట్టెల బండి ముందు మళ్లీ నిలబడింది.

పదకొండేళ్లుగా ఇదే నిలబడటం. పిక్కల మీద నరాలు ఉబ్బి మెలికలు తిరిగాయి. చీలమండ దగ్గర పుండు రెండేళ్లయినా మానలేదు. దిష్టి అని అత్త సాయవ్వ పిక్కకు నల్లతాడు బిగించి కట్టింది. తాడు కింద కాలు ఇంకా ఉబ్బింది. పుండు కనబడకుండా చీర కిందికి లాక్కోవడం ఆమెకు అలవాటైపోయింది. బండికి ఉన్నది ఒక్కటే కుర్చీ. అందులో నరహరి కూర్చుని డబ్బులు తీసుకుంటాడు. "ఆడది కూసుంటే గిరాకి రాదు" అనేది సాయవ్వ.

నిరుడు నరహరికి హెర్నియా ఆపరేషనైతే నలభై రోజులు మంచం దిగలేదు. "ఏడు కుట్లు పడ్డయి నా కొడుక్కు" అని సాయవ్వ వచ్చినవాళ్లందరికీ చెప్పింది. ఆ నలభై రోజులూ కుర్చీ ఖాళీగానే ఉంది. ఒక్కసారైనా అందులో కూర్చోవాలని రోజారాణికి తోచలేదు. ఇప్పుడు తలుచుకుంటే అన్నిటికంటే దానికే ఏడుపొస్తోంది.

"ఒక్క కుట్టన్న ఎయ్యరా మేడమ్?" అని పొద్దున డాక్టరమ్మను అడిగింది. భయపడుతోందనుకుని ఆమె నవ్వింది. ఇంట్లో చూపించడానికి ఒక్క కుట్టు కావాలని ఎలా చెప్తుంది?

"బాగా నడువమ్మా. కానీ ఒకే చోట నిలబడకు. నిలబడితే పుండు మానదు, ఇంకో నరం చెడిపోతుంది" అంది డాక్టరమ్మ. గుమ్మంలో ఉన్న నరహరి మొదటి మాటే చెవిన వేసుకున్నాడు. "నడువుమన్నరే అవ్వా, ఏం గాలె" అని అక్కడినుంచే తల్లికి ఫోన్ చేశాడు.

బండి దగ్గర వేడినీళ్లు పోసి పిండి పిసికింది రోజారాణి. మొదటి రొట్టె పెనం మీద వేసేసరికి కాలు గుంజింది. రొట్టెను కాల్చి తీసి, చేతులు కడుక్కుంది. వెళ్లి కుర్చీలో కూర్చుంది.

నీళ్ల బిందెతో వచ్చిన నరహరి ఆగిపోయాడు. "ఏందే, లే! గిరాకి నిలబడ్డది."

"నేను పదకొండేండ్లు నిలబడ్డ."

"రొట్టెలెవలు చేస్తరు?"

ఆమె కాలు చాచింది. చీర జరిగి మేజోడు కనబడుతోంది. సర్దుకోలేదు.

"పిండి పిసికి పెట్టిన. చల్లారితే రొట్టె ఇరుగుతది. జల్ది షురూ చెయ్యి."