నీళ్ళు సమమయ్యేదాకా

చెంగయ్య నడుమును దూలానికి ఆనించి, మడమలు రాతి మెట్టుకు ఊని, వెనక్కి నడవసాగాడు. లాకు తలుపు కదిలేముందు ఒకసారి మూలుగుతుంది. ఆ మూలుగు వినపడేదాకా బలమంతా పెట్టకూడదు, వినపడ్డాక ఆపకూడదు. తలుపు మూలిగింది. చెంగయ్య కూడా దాంతోపాటు మూలిగి, దూలాన్ని గట్టు చివరిదాకా తోసి, పైపంచెతో మెడ తుడుచుకున్నాడు.

పీచు తీసిన తాడులాంటి మనిషి. మొలతాడుకు కాస్త పైగా, నడుముకు అడ్డంగా, చర్మం కాడి మోసిన ఎద్దు మెడలా కాయ కట్టింది. వెల్లకిలా పడుకుంటే ముందు ఆ కాయే చాపకు తగులుతుంది. సర్కారు లెక్కలో లస్కరు. కాలవ మీద తిరిగేవాళ్ళకు లాకు చెంగన్న.

సరుగుడు కట్టెల పడవ రెండు తలుపుల నడుమ తొట్టిలోకి వచ్చి గోడకు ఆనింది. పడవ నడిపే రమణయ్య గడ పక్కన పడేసి గట్టు మీదికి మొహమెత్తాడు.

"అన్నోయ్! నా ఎనకాల హజరత్తయ్య పడవ వస్తావుండాది. పెండ్లాన్నీ బిడ్డనీ గూడా ఎక్కించుకున్నాడు. పొద్దు వాలేలోపల నీ ముందర ఉంటారు."

తూము చక్రం మీద చెంగయ్య చెయ్యి ఆగింది.

"అంకాలమ్మ బాగుండాదా?"

"బాగుండాది. నీ కాడ ఏందో చెట్టు పెట్టి పోయిందంట గదా. బయల్దేరిన కాడ్నించీ అదే పాట, నా కలబంద, నా కలబంద అని. మొగుణ్ణి గూడా ఇంత తలుచుకోని ఉండదు."

చెంగయ్య నవ్వలేదు. చక్రం తిప్పాడు.

లాకులో పడవ నిలిచేది నీళ్ళు సమమయ్యేదాకానే. తూము ఎత్తితే ఎగువ నీళ్ళు బుసకొడుతూ తొట్టిలోకి దూకుతాయి. పడవ మెల్లగా లేస్తుంది. ముందు తలపాగా, ఆపైన మొహం, ఆ తర్వాత మనిషి మొత్తం గట్టుకు సాటిగా వస్తాడు. తలుపుకు రెండు పక్కలా నీళ్ళు ఒక మట్టానికి వచ్చాక ఇక పడవను ఆపడానికి లేదు. చుట్ట ముట్టించుకోవడమైనా, మంచినీళ్ళు అడగడమైనా, ఊళ్ళ సంగతులు చెప్పడమైనా ఈలోపలే. చెంగయ్యకు లోకమంతా ఇలా ముక్కలుగానే తెలుసు. ఒకడి కూతురి పెళ్ళిలో పేచీ లేచిందని ఎండాకాలంలో వింటే, అది ఎలా తీరిందో వానల ముందు తెలిసేది. కొన్ని తెలిసేవే కావు. ఎవరో తోలుకుపోయిన ఎద్దు దొరికిందో లేదో చెప్పకుండానే ఒక ముసలి పడవవాడు కాలం చేశాడు. ఆ ఎద్దు సంగతి చెంగయ్య ఇప్పటికీ ఆలోచిస్తుంటాడు.

అంకాలమ్మ చెట్టును అప్పగించింది కూడా అంతసేపట్లోనే. ఉగాది వెళ్ళిన రోజులు. ఆమె నిండు చూలాలు. పడవ గూటి ముందు వాసానికి, ఇంటి గుమ్మానికి కట్టినట్టే, వేళ్ళు పైకి ఆకులు కిందికి కొబ్బరితాటితో వేలాడుతుండేది ఆ కలబంద. ఆమె పెళ్ళయి పడవెక్కిన రోజున అత్త కట్టింది. ఆమె పురుటికి పుట్టింటికి పోతే పడవను ఒడ్డుకు లాగి తారు పూయిస్తారు, గూడు విప్పేస్తారు. అందుకని తాడు విప్పి తెచ్చి చెంగయ్య చేతుల్లో పెట్టింది.

"మా ఆయనకిస్తే యాడనో పారేస్తాడు. నువ్వయితే యాడికీ పోవు గదన్నా. నేనొచ్చిందాకా చూసుకో."

చాలా ఏళ్ళ కింద చెంగయ్య భార్య చెంచులక్ష్మి కూడా పురుడు పోసుకొని వస్తానని ఈ గట్టు మీదనుంచే పడవెక్కింది. కబురు వచ్చింది, మనిషి రాలేదు. బిడ్డా రాలేదు. ఆ తర్వాత 'నేనొచ్చిందాకా' అని అతనితో అన్న మనిషి అంకాలమ్మే.

చూసుకోమంది గానీ ఎలా చూసుకోవాలో చెప్పేలోపల నీళ్ళు సమమయ్యాయి.

తలకిందులుగా వేలాడే చెట్టును చూస్తే చెంగయ్యకు పాపమనిపించింది. మట్టి లేదు, చుక్క నీరు లేదు. ఈ ఒడ్డున ఏది బాగుపడాలన్నా ఎండలోనే. చేపలు ఎండలో, వలలు ఎండలో, ఉప్పు ఎండలో, తడిసిన బొంత ఎండలో. పగిలిన కుండ అడుగులో బంకమట్టి నింపి, చెట్టును తిన్నగా నాటి, లాకు గోడ మీద పెట్టాడు. కాలవ నీళ్ళు ఉప్పు గనక, ఇసుకలో చెలమ తీసి తోడి తెచ్చుకునే మంచినీళ్ళే ముంత నిండా పోశాడు, రోజూ. తను గొంతు తడుపుకొని సరిపెట్టుకున్నాడు.

రోహిణి ఎండలకు ఆకులు రాగి చెంబు రంగుకొచ్చాయి. కాయ పండినట్టు చెట్టూ పండుతోందనుకొని చెంగయ్య సంతోషించాడు. ఆ తర్వాత కొసలు మాడి ముడుచుకున్నాయి. ఆకుల వీపున కాలిన అప్పడం మీదిలాంటి మచ్చలు లేచాయి. మొదలు పట్టుకుంటే వేలు మెత్తగా దిగింది, వాసన వచ్చింది. అది చచ్చిపోతే అంకాలమ్మ ఊరుకుంటుందా? చెట్టు పోయిందని ఊరుకుంటుందేమో గానీ, పురుటికి పోతూ ఇచ్చింది పోయిందంటే ఆ తల్లి మనసు ఏమేమి అనుకుంటుంది? మధ్యలో హజరత్తయ్య ఒట్టి పడవతో వచ్చి చెట్టు ఎలా ఉందని అడిగితే, "పచ్చగా ఉండాది" అని చెప్పేశాడు. కుండ అప్పటికే గుడిసె వెనక ఉంది.

దాన్ని అక్కడ కనిపెట్టింది పేరమ్మ. చేపల తట్ట నెత్తిన పెట్టుకొని, లాకు తలుపుల మీది పలక మీదుగా కాలవ దాటి ముత్తుకూరు పోయే మనిషి.

"ఎవురు చంపినారు దీన్ని?" అంది.

చెంగయ్య చెప్పాడు. పేరమ్మ తట్ట దించి మరీ తిట్టింది. తిడుతూనే చెట్టును పెరికి, కుళ్ళిన వేళ్ళు చేపల కత్తితో కోసి, గుడిసె చూరు కింద గాలికి ఆరబెట్టించింది. కోసిన చోట పెచ్చు కట్టాక, ముతక ఇసుకలో గుల్లపెంకుల నలుసు కలిపి, అందులో మళ్ళీ కూర్చోబెట్టించింది.

"ఎండ దెబ్బ తగిలినోణ్ణి ఏం చేస్తావు? నీడన పండేసి గమ్మునుంటావు గదా. దీన్నీ అట్టనే. నీళ్ళు పొయ్యబాక. ముట్టుకోబాక. ఊరికే పోయి పోయి చూడబాక, దానికి సిగ్గేస్తాది."

గమ్మునుండటం చెంగయ్యకు దూలం తోయడంకన్నా కష్టమైంది. ముంత ఎత్తి, మళ్ళీ దించిన రోజులున్నాయి. ఎప్పుడో ఒకనాడు ఇసుక పొడిపొడిగా ఉందని తేల్చుకున్నాకే నాలుగు చుక్కలు చిలకరించేవాడు.

ఈ రోజు మధ్యాహ్నం పేరమ్మ ఒట్టి తట్టతో తిరిగొచ్చేసరికి చెంగయ్య కుండ ముందు గొంతుక్కూర్చొని ఉన్నాడు. చేతిలో కత్తి ఉంది.

"ఏంది చేస్తుండావు?"

"ఈ మాడిన ఆకులు కోసేస్తే చూసేదానికి కొంచెం బాగుంటాది గదా అని. పైన ఆముదం రాస్తే నిగనిగలాడతాదేమో."

"ఆముదం నీ మొహానికి రాసుకో, అదన్నా నిగనిగలాడతాది." పేరమ్మ కత్తి లాక్కుంది. "ఆ ముసలాకుల్లో ఉండే తడి తాగే గదయ్యా లోపలి పిల్లాకు లేచింది. ఇప్పుడు కోస్తే పాలిచ్చే ఆవును కోసినట్టు. ఉన్నది ఉన్నట్టు చూపించు. తిడితే పడు. నేను తిట్టలా?"

ఆమె వెళ్ళిపోయాక చెంగయ్య గుడిసెలోకి పోయి ఉతికిన పంచె కట్టుకున్నాడు. మళ్ళీ గట్టు మీదికొచ్చి, కాలవ వంపు తిరిగే చోటికేసి చూస్తూ కూర్చున్నాడు. చెమ్మగాలి మళ్ళింది. సరుగుడు తోపు నీడ నీళ్ళ మీదికి పాకింది. దూరంగా గట్టు మీద తాడు లాగే మనుషుల తలలు, వాటి వెనక కొత్త గూడు కనిపించాయి.

పడవ తొట్టిలోకి వచ్చింది. చెంగయ్య కింది తలుపు మూసి, తూము చక్రం దగ్గరికి నడిచాడు. ఎప్పుడూ చేసినట్టు గిరగిరా తిప్పలేదు. వేలెడు సందు మాత్రం ఎత్తి వదిలేశాడు. నీళ్ళు బుసకొట్టలేదు, గుసగుసలాడాయి.

"ఏందన్నా, తూము పట్టేసిందా?" కింద నుంచి హజరత్తయ్య అడిగాడు.

"అవును. తుప్పు. నిదానంగా లేవాల."

ముందు గూడు లేచింది. గూటిలో చీర ఉయ్యాల. ఆ తర్వాత అంకాలమ్మ మొహం. బుగ్గలు లోపలికి పోయాయి, కళ్ళు మాత్రం అవే.

"నేనొచ్చినా. ఏదన్నా?"

చెంగయ్య కుండ తెచ్చి గోడ అంచున పెట్టాడు. పెట్టిన చెయ్యి వెంటనే తియ్యలేకపోయాడు. అంకాలమ్మ చూసింది. కొసలు మాడిన ఆకులు, మచ్చలు, ఒక పక్క బోడిగా ఉన్న మొదలు.

"పచ్చగా ఉండాదని చెప్పినాడే ఈయన?"

"ఆయన తప్పు లేదమ్మా. నేనే అబద్దం చెప్పినా. ఎండలో పెట్టింది నేనే. నీళ్ళు పోసి కుళ్ళబెట్టిందీ నేనే."

"ఏం నీళ్ళు?"

"తాగే నీళ్ళే."

"తాగే నీళ్ళా!" అంకాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "మరి నువ్వేం తాగినావు?"

చెంగయ్య కాలి బొటనవేలు చూసుకున్నాడు. "తలకిందులుగా ఏలాడతా ఉంటే చూడలేకపోయినా."

"అది గాలి తాగి బతికేది గదన్నా."

"నువ్వు చెప్పలా."

"నువ్వు తలుపు తెరిచేసినావు!"

హజరత్తయ్య పెద్దగా నవ్వాడు. అంకాలమ్మ నవ్వలేదు. గోడ మీదికి వంగి, మాడిన ఆకుల నడుమ వేలు పెట్టి, మెల్లగా విడదీసింది. లోపల లేత ఆకు, తెల్ల చుక్కలతో, ఇంకా గట్టిపడని ముళ్ళ అంచుతో నిటారుగా ఉంది. మొదలు పక్కన ఇసుకను చీల్చుకొని చిటికెనవేలంత పిలక.

"నన్ను గూడా చాప మింద దించేసినారన్నా కానుపులో," అంది, ఆకు మీదనుంచి చూపు తియ్యకుండానే. "మా యమ్మ ఒక్కతే, ఊపిరుండాది, ఎవురూ ముట్టుకోబాకండి అనింది." పిలకను వేలితో తాకి, "ఇది కుండకు మరిగింది. మళ్ళీ పెరికితే ఏడుస్తాది. నీ కాడే ఉండనీ. నాకు ఈ పిలక చాలు. బిడ్డని పట్టుకో, రెండు చేతులూ కావాల" అని, ఉయ్యాలలోంచి బిడ్డను తీసి గోడ మీదుగా అందించింది.

చెంగయ్య చేతులు పంచెకు తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. ఆడపిల్ల. పాలవాసన. తల అతని మోచేతి వంకలోకి దానంతట అదే కుదురుకుంది. ఇంత బరువుంటారని అతనికి తెలియదు. ఇంతే బరువుంటారనీ తెలియదు. బిడ్డ అతని గడ్డం కేసి చూసింది, ఆవులించింది.

అంకాలమ్మ పిలకను వేరుతో సహా విడదీసి, ఇసుక దులిపి, కొబ్బరితాటితో ముడేసింది.

"అన్నా," అన్నాడు హజరత్తయ్య, "నీళ్ళు సమమై చానాసేపయింది."

ఇన్నేళ్ళలో ఆ మాట ఇంకొకరు అతనికి చెప్పడం ఇదే మొదలు. చెంగయ్య బిడ్డను ఇచ్చేసి దూలం దగ్గరికి పోయాడు. తలుపు మూలిగింది. పడవ కదులుతుండగా అంకాలమ్మ గబగబా గూటిలోకి దూరి, మూతపెట్టిన సత్తు గిన్నె ఒకటి తెచ్చి గట్టు మీదున్న చెంగయ్య చేతికి అందించింది. రొయ్యలు వేసి వండిన వంకాయ కూర. ఇంకా వెచ్చగా ఉంది.

"గిన్నె! గిన్నె మరిచిపోయినావమ్మా!" పడవ తలుపులు దాటాక చెంగయ్యకు తట్టి కేకేశాడు.

"ఉండనీలేన్నా! మద్రాసు పక్క పోతుండాం. వానలు పోయినాక వస్తాం గదా, అప్పుడిస్తువులే! ఒట్టి గిన్నె మాత్రం ఇయ్యబాక!"

కొత్త గూటి వాసానికి పిలక ఊగుతూ పోయింది. అవతలి వంపు దగ్గర సరుగుడు నీడల్లో పడవ కలిసిపోయేదాకా చూసి, చెంగయ్య తలుపులు మూశాడు. కుండను చూరు కిందికి చేర్చాడు. నీళ్ళు పోయలేదు. పొద్దు గూకకముందే అన్నం వండుకొని, కూరంతా తిని, గిన్నెను బూడిదతో తోమి, లాకు గోడ మీద బోర్లించాడు. గిన్నె అడుగున చుక్కలు కొట్టించి రాయించిన పేరు ఉంది. చెంగయ్యకు చదువు రాదు. తడి చుక్కల మీద వేలితో ఒకసారి రాసి చూసి, లోపలికి పోయాడు. ఉప్పుగాలికి గిన్నె ఆరుతూ ఉండిపోయింది, అంచు కింది రాయి మీద గుండ్రంగా చిన్న తడి వదిలి.