పదకొండిళ్ల మిద్దె

ఉత్తర చూసి ఎత్తర గంప అన్నారు పెద్దలు, ఉత్తరకూ వాన లేకుంటే గంపెత్తుకుని వలస పోవాలని. ఉత్తర కార్తె వచ్చి నాలుగు రోజులైంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఆ శనివారం పొద్దున ఓబులమ్మ మొగుడికి సంచి సర్దుతోంది.

ఎరువుల గోతాన్ని కోసి కుట్టిన సంచి అది. రెండు లుంగీలు, ఒక తువ్వాలు, పాత దుప్పటి, ఎనిమిది జొన్నరొట్టెలు, సీసాలో చెనిక్కాయల పొడి. తిప్పన్న సాయంత్రం బండికి బెంగుళూరు పోవాలి. అనంతపురం మార్కెట్ యార్డులో మూటలు మోసే హమాలీ అతను. చేలో వేరుశనగ కాయ పండితేనే యార్డులో మూట, మూట ఉంటేనే అతని వీపుకు పని. ఆ ఏడు కాయ కాదు గదా, పశువుకు వేసేందుకు ఆకు కూడా మిగల్లేదు. బెంగుళూరులో పన్నెండో అంతస్తుకు కర్రలతో కట్టిన సారవ మీద సిమెంటు మోసే పని ఉందని కబురొచ్చింది.

ఓబులమ్మకు సాగనంపడం కొత్త కాదు. నాయనను సాగనంపింది. అన్నను సాగనంపింది. సారవ అన్న మాటే ఆమెకు పడదు. ఒకే లుంగీని మూడుసార్లు మడిచింది, మూడుసార్లు విప్పింది.

నెత్తి మీద దబ్‌మని చప్పుడైంది. మిద్దె అదిరింది. పిడికెడు మట్టి రాలి రొట్టెల మీద పడింది.

"ఎవర్రా మిద్దె మీద?" అని అరుస్తూ తిప్పన్న బయటికి ఉరికాడు.

బస్టాండుకు పోయే రోడ్డు పక్కన పదకొండు ఇళ్లు ఒకే వరసలో ఉంటాయి. పదకొండింటికీ కలిపి ఒకటే మిద్దె. దూలాల మీద కట్టెలు, కట్టెల మీద మట్టి, ఆ పైన చౌడు. చౌడు మట్టి తడిస్తే మెత్తబడి మూసుకుంటుంది, నీటిని కిందికి దిగనివ్వదు. ఏటా ఎండాకాలంలో రెండు బండ్ల చౌడు తెచ్చి కొత్తగా పరవాలి. ఇళ్ల యజమాని పెద్దాయన ఉన్నన్నాళ్లు తోలించాడు. ఆయన పోయి ఇళ్లు కొడుకు ఉదయ్ కుమార్ చేతికి వచ్చాక నాలుగేళ్లుగా చౌడు లేదు. "వానలే లేనప్పుడు చౌడెందుకు?" అన్నాడు. ఆ మాట పదకొండిళ్లవాళ్లకూ సబబుగానే తోచింది. వాన రాదని కరువు నమ్మిస్తుంది, మిద్దె సంగతి మరిపిస్తుంది.

ఇప్పుడు ఆ ఉదయ్ కుమారే మున్సిపల్ ఎన్నికల్లో వార్డుకు నిలబడ్డాడు. ఇరవై రోజుల కిందట అతని మనుషులు వచ్చి పదకొండిళ్ల ముందరి గోడలకు సున్నం కొట్టారు. రోడ్డుకు కనపడే గోడలకే. వెనక గోడలు ఉబ్బి పొట్టలు పెట్టుకుని అట్లే ఉన్నాయి. సున్నం మీద నీలిరంగుతో బీరువా గుర్తు వేశారు. కొత్త సున్నం వాసనకు ఆడవాళ్లు మురిసిపోయారు కూడా. ఓబులమ్మా మురిసింది.

మిద్దె మీద నలుగురు కూలీలు గునపాలతో గుంతలు తీస్తున్నారు. ఇనుప చట్రాలు నిలబెట్టాలి. పక్కన బాడుగలు వసూలు చేసే ఎర్రన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏమప్పా ఎర్రన్నా, మా నెత్తిన గుంతలు తవ్వుతాండారేంది?" అన్నాడు తిప్పన్న.

"నీ నెత్తి యాడిదప్పా? అన్న మిద్దె. అన్న బొమ్మ అన్న మిద్దె మీద నిలబెట్టుకుంటే నీకేం నొప్పి?"

"గునపం దిగితే చౌడు పగులుతాది. రేపు వానొస్తే?"

"వాన!" ఎర్రన్న పకపకా నవ్వాడు. "అనంతపురంలో వానకు భయపడే మొగోన్ని నిన్నే చూసినా తిప్పన్నా."

కూలీలు నవ్వారు. కింద గుమిగూడిన వాళ్లూ నవ్వారు. నవ్వనివాడు తిప్పన్న ఒక్కడే. చిన్నప్పుడు కళ్యాణదుర్గం దగ్గర వాళ్ల ఊళ్లో మిద్దెలు పరిచే పని చేసినవాడు అతను.

మధ్యాహ్నానికి ఆరు బోర్డులు లేచాయి. ఒక్కొక్కటి ఇరవై అడుగులు. ప్రతి ఫ్లెక్సీలో ఉదయ్ కుమార్ చేతులు జోడించి నవ్వుతున్నాడు. కింద "మీ ఇంటి బిడ్డను దీవించండి" అని రాసి ఉంది. ఆ ఇళ్లకు వెనక కిటికీలు లేవు. మిద్దెలో వదిలిన గవాక్షి నుంచే వెలుతురు రావాలి, పొయ్యి పొగ పోవాలి. చట్రాలకు వాల్చి కట్టిన ఫ్లెక్సీలు గవాక్షులకు అడ్డం పడ్డాయి. మిట్టమధ్యాహ్నం ఇళ్లల్లో బుడ్డి వెలిగించుకున్నారు.

"మా ఇంటి బిడ్డ అయితే ఇంత పొద్దుండంగానే ఇల్లు చీకటి చేస్తాడా?" అంది చివరింటి నల్లమ్మ. బొరుగులు అమ్ముకుని కూతురు నందినిని డిగ్రీ చదివిస్తున్న మనిషి. ఆమె నోటికి ఎర్రన్న కూడా జంకుతాడు. "మా కొంపలో బీరువా లేదని కొరతగా ఉండె. ఇప్పుడు నెత్తి మీద ఉండాది సూడు."

ఓబులమ్మ మొగుడి చెయ్యి పట్టుకుంది.

"ఏమయ్యా, ఈ బొక్కలు పూడ్చి పో. రేపు పోదువులే."

"ఒగ రోజు కూలి పోతాది మే."

"పోనీ."

నిజం చెప్పాలంటే బొక్కల మీద ఆమెకంత పట్టింపు లేదు. ఆమెకు ఒక్క రోజు కావాలి, అంతే. ఒక్క రోజు సారవ ఎక్కకుండా ఉంటే చాలు. తిప్పన్న ఆమె మొహం చూసి సరేనన్నాడు.

ఆ సాయంత్రం పొద్దు గుంకకముందే పడమట నల్లగా లేచింది. ముందు గాలి వచ్చింది. ఆరు ఫ్లెక్సీలు తెరచాపల్లా ఉబ్బి చట్రాలను పీకాయి, చట్రాలు మిద్దెను పీకాయి. తర్వాత వాన. నాలుగేళ్ల బాకీ తీర్చేటట్టు పడింది. గునపం దింపిన ప్రతి గుంతా ఒక బోరింగు పంపైంది. గిన్నెలు పెట్టారు, బిందెలు పెట్టారు. పెట్టడానికి ఇంకేం లేక పిల్లల్ని చంకనెత్తుకుని గుమ్మాల్లో నిలబడ్డారు. ఏడో ఇంట్లో దూలం జారింది. ముందరి గోడ రోడ్డు మీదికి విరుచుకుపడింది. గోడంతా బురద, బురద మీద గోరంత మందం తెల్ల సున్నం. దాని కింద ఆ ఇంటి యశోదమ్మ కాలు విరిగింది. ఆమెను మంచం మీద వేసుకుని మోకాటి లోతు నీళ్లలో ఆస్పత్రికి మోసుకుపోయారు. కూలిన గోడ పైన ఉదయ్ కుమార్ బొమ్మ ఒక పక్కకు వంగి నవ్వుతూనే ఉంది.

ఆదివారం పొద్దున ఆ నవ్వే కారు దిగింది. ఉదయ్ కుమార్ తెల్లచొక్కాకు బురద అంటకుండా రాయి మీద నిలబడ్డాడు.

"ఎన్నికలైపోనీయండి, చూద్దాం."

"ఇంగో వానొస్తే అంతా కూలుతాది సామీ," అన్నాడు ఆదెన్న. మూడో ఇంట్లో ఉండే వంగిన ముసలి హమాలీ అతను.

"అంత భయమైతే ఖాళీ చేయండి. ఎవరాపినారు?" అని కారెక్కబోతూ ఎర్రన్న వైపు తిరిగాడు. "ఆ బోర్డు వంగింది చూడు. సరిగ్గా నిలబెట్టించు."

కారు పోయింది.

"విన్నారా?" అంది నల్లమ్మ. "యశోదమ్మ కాలు విరిగిందని అడగల్యా. బోర్డు వంగిందని అడిగె."

అందరూ ఒక్కసారిగా మొదలుపెట్టారు. రోడ్డు మీదే సభ అయింది.

"ఓట్లు అయ్యేదాకా సుమ్మనుండండప్పా," అన్నాడు ఆదెన్న. "గెలిస్తే బాగు చేయిస్తాడు."

"ఓడితే?"

"ఓడితే... అమ్ముకుంటాడు."

"గెలిస్తే కూలగొట్టి అంగళ్లు కడతాడు," అంది నందిని. "ఎర్రన్నే చెప్పుకుంటాండాడు టీకొట్టు కాడ. గెలిచినా ఓడినా మనం రోడ్డు మీదే మామా. మరి ఓట్లయ్యేదాకా ఎందుకు?"

"వాళ్ల నాయనే నయం," అన్నారెవరో. "ఏటా చౌడు తోలించె."

"మన మీద ప్రేమతో తోలించినాడా?" అన్నాడు తిప్పన్న. "మిద్దె ఆయనది గాబట్టి తోలించినాడు. ఈ పిల్లోనికి మిద్దె అక్కర్ల్యా, కింది జాగా గావాల. కూలితేనే వానికి లాభం. మనకు కూలితే సావు. ఇద్దరికీ ఒకే మిద్దె మీద ఎట్ల పొసుగుతాది? చౌడు నేల రైలుకట్ట అవతల ఉండాది. మనమే తెచ్చుకుందాం. ముందు ఆ బోర్డులు దించల్ల."

"దించి చౌడు తెచ్చేలోపల వానొస్తే?"

అందరూ పైకి చూశారు. పడమట మళ్లీ నల్లబడుతోంది. ఓబులమ్మ కూడా చూసింది. ఆమె మబ్బును చూడలేదు, బోర్డును చూసింది. రాత్రంతా అంత వాన పడిందా, ఫ్లెక్సీ వెనక చుక్క తడి లేదు.

"నీళ్లు దిగని గుడ్డ మన నెత్తినే ఉండాది గదా," అంది.

ఒకరిద్దరు నవ్వారు. తర్వాత నవ్వు ఆగింది.

"అది ఓట్ల సామానమ్మా," అన్నాడు ఆదెన్న గొంతు తగ్గించి. "ముడితే కేసు."

"మన మిద్దె పొడిచినందుకు వాళ్ల మీద కేసు ఏదప్పా?" అన్నాడు తిప్పన్న. కొడవలి తీసుకుని నిచ్చెన ఎక్కాడు.

అతని వెనక నల్లమ్మ ఎక్కింది. ఆమె వెనక నందిని. మెట్టు మెట్టుకూ కిందికి చూసుకుంటూ ఓబులమ్మ కూడా ఎక్కింది. కేసు కేసు అని గొణుగుతూనే ఆదెన్న నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. తిప్పన్న తాళ్లు కోస్తుంటే ఒక్కో ఫ్లెక్సీ బరబరా జారి పడింది. చట్రాలు పీకి రోడ్డు పక్కన పేర్చారు, ఒక్క ఇనుప ముక్క కూడా పోనివ్వలేదు. యార్డు నుంచి పదిమంది హమాలీలు గంపలతో వచ్చారు. రైలుకట్ట నుంచి మిద్దె దాకా మనిషి పక్కన మనిషి నిలబడితే గంపలు చేతులు మారుతూ వచ్చాయి. గుంతలు పూడ్చి, మట్టి దిమ్మిస కొట్టి, గవాక్షులు వదిలి దాని మీద ఫ్లెక్సీలు పరిచారు.

"మొగం కిందికి పెట్టండే," అని అరిచింది నల్లమ్మ. "మా ఇండ్లల్లో ఏమైతాందో ఇప్పుడన్నా సూడనీ!"

మిద్దె మీద పది గొంతులు ఒకేసారి నవ్వాయి. ఉదయ్ కుమార్ నవ్వు మీద చౌడు పడింది. గంప మీద గంప. గవాక్షుల్లోంచి వెలుతురు మళ్లీ పొయ్యిల మీద వాలింది.

మూడు గంటలకు వాన వచ్చింది. పది ఇళ్లల్లో జనం తలలెత్తి నిలబడ్డారు. చుక్క కారలేదు. ఓబులమ్మ చెయ్యి చాచి చాలాసేపు నిలబడింది. చెయ్యి తడవలేదు. వాన చప్పుడును భయం లేకుండా మళ్లీ వింటానని నిన్న రాత్రి ఆమె అనుకోలేదు.

సోమవారం పొద్దున పది గంటలకు పోలీసు జీపు వచ్చింది. దాని వెనక ఎర్రన్న మోటారుసైకిలు.

"ఎన్నికల ప్రచార సామగ్రి ఎవరు ధ్వంసం చేశారు?" అని అడిగాడు ఎస్.ఐ.

"నేనే," అన్నాడు తిప్పన్న.

"నేను సార్," అంది నందిని.

"నేను లేంది ఏ పనైతాది ఈడ?" అంది నల్లమ్మ.

ఆఖరికి ఆదెన్న ముందుకొచ్చాడు. "నిచ్చెన పట్టింది నేను సార్. రాసుకోండి."

ఒకరి తర్వాత ఒకరు అదే మాట. చంకలో బిడ్డ ఉన్న తల్లులు కూడా. ఎస్.ఐ. పుస్తకం మూశాడు. లాఠీ తీశాడు. ఐదుగురు మగవాళ్లను చొక్కాలు పట్టి లాగాడు, తిప్పన్నను మొదట. ఆడవాళ్లు జీపు ముందర బురదలో కూర్చున్నారు. కానిస్టేబుళ్లు జుట్లు పట్టి పక్కకు ఈడ్చారు. ఈడ్చినకొద్దీ మళ్లీ వచ్చి కూర్చున్నారు.

"మాట్లాడి సాయంత్రానికి పంపిస్తాం. అడ్డం లేవండి," అన్నాడు ఎస్.ఐ.

తిప్పన్న జీపులోంచి తల బయటికి పెట్టాడు. "మే ఓబులమ్మా, ఆరో ఇంటి మూలకు ఇంగా చౌడు పడల్యా. పలచగా పరచమాకండి."

"నువ్వొచ్చి పరుద్దువులే," అంది ఆమె.

పొద్దు గూకే వేళకు ఆదెన్న వచ్చాడు, మూతి పగిలి. మిగతా ముగ్గురూ వచ్చారు. తిప్పన్నను వేరే గదిలో పెట్టారని, మధ్యాహ్నం దాకా కేకలు వినపడ్డాయని, ఆ తర్వాత వినపడలేదని చెప్పారు. ఓబులమ్మ స్టేషనుకు పరిగెత్తింది. ఆమె వెనక పదకొండిళ్ల జనం.

"అందరినీ వదిలేశాం," అన్నాడు ఎస్.ఐ. "బెంగుళూరు పోవాలన్నాడు. పోయుంటాడు."

పుస్తకం తెరిచి చూపించాడు. ఐదు పేర్లు. నాలుగింటికి ఎదురుగా సంతకాలు. తిప్పన్న పేరుకు ఎదురుగా వేలిముద్ర.

"మా ఆయన సంతకం చేస్తాడు," అంది ఓబులమ్మ. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినపడింది. "యూనియన్ కార్డు మీద చేసినాడు. ఈ ఏలు ఎవురిది సార్?"

పుస్తకం టక్కున మూసుకుంది.

మరుసటి రోజు యార్డులో ఒక్క మూట లేవలేదు. మూటలే లేని ఏడాది గదా అని వ్యాపారులు ఎగతాళి చేశారు. మధ్యాహ్నానికి నూనె మిల్లుల కూలీలు కూడా బయటికొచ్చేసరికి ఎగతాళి ఆగింది. నందిని బొగ్గు తీసుకుని నిలిచి ఉన్న పది ఇళ్ల ముందరి గోడల దగ్గర నిలబడింది. ఉదయ్ కుమార్ కొట్టించిన సున్నం మీద, అతని బీరువాల మీద మనిషి ఎత్తు అక్షరాలతో "తిప్పన్న యాడ?" అని రాసింది. ఆ రాతను బుధవారం కాలేజీ గోడ మీద చూశారు, గురువారం యార్డు గోడ మీద, శుక్రవారం స్టేషను ప్రహరీ మీదే చూశారు. ఎవరు రాశారో తెలియలేదు. సున్నం కొట్టి చెరిపితే తెల్లటి గోడ మీద మరింత నల్లగా మళ్లీ రాశారు.

ఎర్రన్న ఒక మధ్యాహ్నం తలుపు దగ్గరికి వచ్చాడు, మోటారుసైకిలు దూరంగా ఆపి.

"ఖాళీ చేసి ఊరికి పోతే అన్న నిన్ను సూసుకుంటాడంట వదినా."

"మీ అన్నను నన్ను సూసుకోమని నేనడగల్యా," అంది ఓబులమ్మ. "నా మొగున్ని యాడ పెట్టినారో అడుగుతాండా. ఆ మాటకు జవాబు తెచ్చినావా? లేకుంటే నడువు."

ఉదయ్ కుమార్ గెలిచాడు. గెలిచిన నెలకు ఖాళీ చేయమని కాగితాలు వచ్చాయి. పదకొండిళ్లలో ఒక్కరూ కదల్లేదు. కాగితాలు పట్టుకుని పదకొండు కుటుంబాలూ కలెక్టరాఫీసు ముందు కూర్చున్నాయి. వాళ్ల పక్కన హమాలీలు, హమాలీల పక్కన కాలేజీ పిల్లలు. "మీకు ఇల్లు యాడిదని వాళ్లు అడుగుతాండారు. మనిషి యాడని మనం అడుగుదాం," అంది ఓబులమ్మ మైకు ముందు. మైకు పట్టుకోవడం ఆమెకు అదే మొదటిసారి. కూలగొట్టడానికి రెండుసార్లు యంత్రం వచ్చింది, రెండుసార్లూ దాని ముందు మిద్దె నిండా జనం కూర్చున్నారు. మూడోసారి రాలేదు.

యశోదమ్మ కాలు అతుక్కుని రెండు నెలలకు ఆస్పత్రి నుంచి తిరిగి వచ్చింది. ఆదెన్న, మిగతా ముగ్గురు పట్టుకుపోయిన సాయంత్రమే వచ్చారు. తిప్పన్న రాలేదు. 2005 సెప్టెంబరు 19, సోమవారం పొద్దున పది గంటలకు జీపు ఎక్కిన తిప్పన్న మళ్లీ రాలేదు.