కదిలిన రాయి

ఎక్కేటప్పుడు కృష్ణయ్యే ముందు నడిచాడు. గద్వాలలో ముప్పై ఏళ్లుగా మగ్గం గుంటలో కూర్చుని చీరలు నేసిన మనిషి, మొదటిసారి వీపున సంచి తగిలించుకుని నల్లమల కొండ ఎక్కుతున్నాడు. వెనక కూతురు ఉమ ఆయాసపడుతుంటే నవ్వాడు.

"ఏంది బిడ్డా, గప్పుడే అలిసినవా? నా కాళ్లు దినమంతా తొక్కుతనే ఉంటయి. నీ కాళ్లేమో స్కూటీకి అలవాటైనయి."

"దిగేటప్పుడు చూస్త నాయినా నీ కాళ్ల సంగతి," అంది ఉమ.

శని, ఆదివారాలు ఆఫీసుకు సెలవని ఆమే పట్టుబట్టి తీసుకొచ్చింది. రాత్రి మన్ననూరులో పడుకుని తెల్లారగానే బయల్దేరారు. పైకి చేరాక చూస్తే, లోయ అవతల కొండ మీద కొండ నీలంగా పేర్చినట్టుంది. పొద్దున కలిసి ఎక్కినవాళ్లు మధ్యాహ్నానికే దిగిపోయారు.

"జర సేపు కూసుందాం," అన్నాడు కృష్ణయ్య. ఉమ కాదనలేదు. ఇంట్లో ఆయన ఊరికే కూర్చోవడం ఆమె ఎన్నడూ చూడలేదు.

వాగు పక్కన దారి వెంట దిగుతుంటే, సగంలో ఒక రాయి ఆయన కాలి కింద కదిలింది. ఉమ చూస్తూనే ఉంది. ఇంకెవరైనా అయితే కాలు వెనక్కి తీసుకునేవారు. ఆయన ఇంకా గట్టిగా తొక్కాడు. మగ్గం కింది చెక్క తొక్కితే దిగుతుంది, దిగితేనే పని సాగుతుంది. కాలి కింద ఏదైనా దిగితే ఆ కాలికి భయం తెలియదు. రాయి జారిపోయింది. కృష్ణయ్య కూలబడ్డాడు. చీలమండ దగ్గర కాలు పక్కకు తిరిగింది.

ఉమ చున్నీతో కట్టు కట్టింది. ఫోన్ తీస్తే సిగ్నల్ లేదు. బండ ఎక్కి చేయెత్తి పట్టుకున్నా లేదు. ఆయన చేతిని మెడ చుట్టూ వేసుకుని లేపింది. నాలుగు అడుగులు వేశారో లేదో ఇద్దరూ కూర్చుండిపోయారు. ఆయన ముఖం పాలిపోయింది.

"చూస్త అంటివి గదా. చూడు మరి," అన్నాడు. ఆమెకు నవ్వు రాలేదు.

"ఎవరన్న వస్తరేమో నాయినా."

"ఎవరొస్తరు? అందరు పాయె. పొద్దుగూకితే జంతువులు తిరుగుతయని పొద్దున అడవి గేటు కాడ సారు చెప్పలే? నువ్వు పోయి మనుషులను తోల్కరా."

"నిన్ను గిట్ల ఇడిసి యాడికి పోత?"

"పోకపోతే ఇద్దరం గీడనే ఉంటం. ఏం జేద్దామో చెప్పు."

ఆమె ఫోన్‌లో టైం చూసింది. అప్పటికే నాలుగైంది. నీళ్ల సీసా, కర్ర, మిగిలిన రొట్టెలు ఆయన పక్కన పెట్టింది. రెండు సంచులూ వీపు వెనక ఆనించింది. ఇంకేమైనా పెట్టగలనా అని చుట్టూ చూసింది. ఏమీ లేదు.

"పిలుస్తుంట. పలుకుతుండు," అన్నాడు.

మొదటి మలుపులో "ఉమా" అని వినిపించింది. "ఆ నాయినా" అంది. రెండో మలుపులోనూ పలికింది. మూడోది దాటాక పిలుపు సన్నగా వచ్చింది. గొంతు చించుకుని పలికింది. కాసేపటికి అదే పిలుపు, ఈసారి తొందరగా, వెంటవెంటనే. ఆయన పక్కనే వాగు దూకుతోంది. ఆ హోరులో తన గొంతు అందడం లేదని ఆమెకు అర్థమైంది. వెనక్కి పోతే వెలుగు పోతుంది. ముందుకు పోతే ఆయన ఒక్కడే పిలుస్తూ ఉండాలి.

ఉమ ముందుకే నడిచింది. ప్రతి పిలుపుకూ "ఆ నాయినా" అంటూనే దిగింది, మొదట గట్టిగా, తర్వాత తనకు మాత్రమే వినపడేంత మెల్లగా.