విమర్శల బీరువా ఖాళీ

గట్టయ్యకు బొగ్గుబాయి పాత, పుస్తకాలు కొత్త. ముప్పై ఏళ్లు బాయిలోకి దిగి ఎక్కిన మోకాళ్లు ఇక మావల్ల కాదని మొరాయిస్తే డాక్టర్లు బాయి బయట చేసే పైపని రాసిచ్చారు. ఆ కాగితం పట్టుకుని గోదావరిఖనిలో బొగ్గు కంపెనీ నడిపే హైస్కూలు లైబ్రరీకి వచ్చాడు. ఆరు నెలలు చూస్తామన్నారు. పని కుదిరితే రిటైరయ్యేదాకా ఇక్కడే, ఫ్యాను కింద. కుదరకపోతే బొగ్గు యార్డుకు, దుమ్ములోకి.

దసరా సెలవులకు ముందురోజు, లైబ్రరీ చూసే తెలుగు టీచరు ప్రసూన అతనికి ఒక పని అప్పజెప్పింది.

"గట్టయ్యగారూ, ఆ మూలన కట్టలుగా పడున్నవి సాహిత్య విమర్శ పుస్తకాలండీ. నంబర్లన్నీ నేను రిజిస్టర్లో ఎక్కించాను. మీరు వాటిమీద చీటీలు అంటించి ఎనిమిదో బీరువాలో సర్దేయండి, చాలు."

"విమర్శ అంటె ఏంది మేడం?"

"ఒకరు రాసిన కథలో మంచీ చెడూ ఇంకొకరు విప్పి చెప్పటం."

గట్టయ్య తలూపాడు. మాట తక్కువ మనిషి. పల్లెబడిలో ఏడో తరగతి దాకా చదివాడు. కానీ దేనిమీదైనా చూపు పడిందంటే దాని అంతు చూడందే వదలడు.

సెలవుల్లో కట్టలు విప్పి, దుమ్ము దులిపి, ఒక్కో పుస్తకం మొదటి నాలుగు పేజీలు వేలుపెట్టి చదివాడు. ఒకటి కరువులో ఊరు విడిచిన సాలెవాళ్ల నవల గురించి. ఆ నవల చూస్తే రెండో బీరువాలో ఉంది. దాని కష్టసుఖాలు చెప్పేదాన్ని తీసుకెళ్లి ఎక్కడో ఎనిమిదో బీరువాలో కూర్చోబెట్టాలా? అతనికి మనసొప్పలేదు. బాయిలో మనిషిని ఒంటరిగా పనికి పంపరు. ఒకడు బొగ్గు ఎత్తుతుంటే ఇంకొకడు పైకప్పు మీద కన్నేసి ఉంచుతాడు. జోడీ లేనిదే అడుగు పడదు. అది గట్టయ్య ఒంట్లో ఇంకిన పద్ధతి.

సెలవులయ్యాక ప్రసూన ఎనిమిదో బీరువా తెరిచింది. లోపల ఒక చీపురు, రెండు డస్టర్లు ఉన్నాయి.

"పుస్తకాలేవండీ?"

"డ్యూటీల ఉన్నయి మేడం."

"డ్యూటీ ఏంటండీ!"

"ఎవని జోడి కాడ వాన్ని పెట్టిన."

తీసుకెళ్లి చూపించాడు. ప్రతి నవల పక్కనా దాని విమర్శ భుజం ఆనించి నిలబడి ఉంది. ముగ్గురు కవుల గురించి రాసిన పుస్తకం మొదటి కవి దగ్గరుంది. మిగతా ఇద్దరి దగ్గరా మేకుకు ఆ పుస్తకం నంబరు రాసిన అట్టబిళ్ల వేలాడుతోంది.

"గిదేందంటె, బాయిల దిగినోని టోకెను పైన బోర్డుమీద ఉంటది మేడం. మనిషి లోపట ఉన్నడని గదే చెప్తది. గట్లనే ఇది గూడ."

ప్రసూన తల పట్టుకుంది. "అయ్యో, రిజిస్టర్లో అన్నీ ఎనిమిదో బీరువా అని ఉన్నాయండీ! వచ్చే నెల ఇన్‌స్పెక్షను. ఇలా చూస్తే మిమ్మల్ని ఉంచుతారా?"

గట్టయ్య మొహం వాడిపోయింది. "మళ్ల సర్దుత మేడం," అన్నాడు.

కానీ సర్దుదామంటే పుస్తకాలు బడిలో ఉంటేగా! నవల కోసం వచ్చిన పిల్ల పక్కదాన్నీ లాగి చూసేది. "గిదేంది కాకా?" అంటే, "దాని గుట్టు బయటపెట్టేది," అనేవాడు గట్టయ్య. ఇంకేముంది, రెండూ సంచిలో పడేవి. పది తిరిగొస్తే పదిహేను బయటికి పోయేవి. నెల గడిచినా బీరువాలో చీపురు చీపురులాగే ఉంది.

ఇన్‌స్పెక్షనుకు కంపెనీ నుంచి విష్ణువర్ధన్ అనే అధికారి వచ్చాడు. నవ్వితే రిపోర్టు చెడుతుందన్నట్టుండే మనిషి. రిజిస్టరు చూశాడు, బీరువా చూశాడు, చీపురు చూశాడు.

"విమర్శ గ్రంథాలేవీ?"

"పోరగాండ్లు తీస్కపోయిండ్రు సార్."

"నవలలంటే నమ్ముతా. విమర్శ గ్రంథాలు పిల్లలు తీసుకెళ్లారా! ఎవరికి చెప్తున్నావయ్యా?"

గట్టయ్య కళ్లముందు యార్డు దుమ్ము కదిలింది. అంతలో తొమ్మిదో తరగతి సంతోషి రెండు పుస్తకాలు తెచ్చి బల్లమీద ధన్‌మని పెట్టింది.

"కాకా, గీ నవల మంచిగున్నది. గీ విమర్శ రాసినాయన మీద మాత్రం మస్తు కోపమొచ్చింది నాకు."

అధికారి పుస్తకం తిరగేశాడు. రైల్వే గేటు కాపలావాడి నవల మీద విమర్శ. "ఎందుకమ్మా కోపం?"

"చివర్ల గేటాయన నౌకరి ఇడిసిపెడ్తడు గద సార్. గది పిరికితనమని గీ విమర్శ ఆయన రాసిండు. మా బాపు పదిహేనేండ్ల సంది నైట్ షిఫ్టు చేస్తున్నడు. తెల్లారి మబ్బుల ఇంటికొచ్చి అన్నం ముందల్నే నిద్రపోతడు. ఇడిసిపెట్టుడు పిరికితనమెట్లయితది?"

"బాధ్యత అనేది ఒకటుంటుంది కదమ్మా."

"గేటాయన చేసిన ఇరవయ్యేండ్లల్ల ఒక్క రైలన్న ఆగిందా సార్? ఇంకెంత బాధ్యత గావాలె?"

అధికారి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆయన ఒకటంటే పిల్ల రెండంది. హెడ్మాస్టరు గదిలో ఆయన కోసం తెప్పించిన బిర్యానీ చల్లారిపోయింది. చివరికి ఆయన, "ఆ పేజీ నేను మళ్లీ చదవాలి," అని ఒప్పుకుని, మొదటిసారి నవ్వాడు. పిల్ల గంట కొట్టారని పరిగెత్తింది.

"మరి ఈ ఖాళీ బీరువా గురించి ఏం రాయమంటారు?" అన్నాడు పెన్ను తీసి.

ప్రసూన ముందుకొచ్చింది. "ప్రతి పుస్తకం పక్కనా దాని విమర్శను జోడీగా సర్దారు గట్టయ్యగారు. రిజిస్టరు మార్చకపోవటం నా తప్పండీ. ఏది ఎక్కడుందో ఆ బీరువా నంబరే వేసేస్తాను, సాయంత్రానికల్లా."

"వేయండి. ఇతన్ని కదిలిస్తే ఏ పుస్తకానికి ఏది జోడీయో చెప్పేవాడుండడు. రిటైరయ్యేదాకా ఇక్కడే ఉంచమని రాస్తున్నా."

జీపు వెళ్లిపోయాక గట్టయ్య వరండాలోకి వచ్చి ఇంటికి ఫోను చేశాడు.

"ఇగో, ఉంచిండ్రే."

"సచ్చినంక గూడ గా దుమ్ము కంపు పోదనుకున్న," అంది అతని భార్య ఐలవ్వ. గొంతులో నవ్వు దాగలేదు. "చాపల కూర వండుత, జల్ది రా."

"జరంత ఆలిశెమైతది. గా గేటాయన ముచ్చట సగమే సదివిన. సారుది ఒప్పా, పిల్లది ఒప్పా చూడాలె."

"చూసినంక ఎవలికి చెప్తవ్?"

"నీకే. నేను జెప్పింది తప్పని తిట్టుటానికి జోడి ఉండాలె గద."