తుమ్మముల్లు

జీవమ్మ కుట్టుకత్తెరతో తుమ్మముల్లు మొదలు కత్తిరిస్తూ ఉంది. గ్రామఫోనుకు ఉక్కు ముళ్లు అయిపోయి చాలా కాలమైంది. కర్నూలు నుంచి తెప్పిస్తామన్న మాట మాటగానే ఉంది. కంచెలో ఎండిన ముల్లు కూడా ప్లేటును పాడిస్తుందని ఆమెకు చిన్నప్పుడు మిషను దొరసాని నేర్పింది. ఆ దొరసాని ఎప్పుడో తన దేశం వెళ్లిపోయింది.

నందికొట్కూరు మిషను బడిలో ఆడపిల్లలకు కుట్టూ పాటలూ చెప్పడమే జీవమ్మ బతుకు. అక్కడే చదివింది, అక్కడే తల నెరిసింది. ఎముకలకు చీర చుట్టినట్టుండే మనిషి. వేళ్ల కొసల నిండా సూది పొడుపులే. ఇప్పుడు దగ్గితే నెత్తురు పడుతోంది. సాయంత్రం బస్సుకు మదనపల్లె వైపు క్షయ ఆసుపత్రికి పోవాలి. అక్కడికి పోయి తిరిగొచ్చినవాళ్లు తక్కువని ఆమెకు తెలుసు.

పోయేలోగా పిల్లలకు దొరసాని వదిలిపోయిన ప్లేటు ఒకటి వినిపించాలి. వినిపించడమొక్కటే కాదు, ఆడించాలి. చిన్ననాడు దొరసాని అది పెట్టినప్పుడు జీవమ్మ కాళ్లు వాటంతటవే లేచాయి. దొరసాని "కూర్చో" అన్న ఒక్క మాటకు కూర్చుంది. ఆ బాధ ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పుకోలేదు.

బడి పెద్ద లేవి అయ్యగారు పొద్దున్నే హెచ్చరించాడు. "వినిపించు జీవమ్మా. ఎగరడాలు మాత్రం వద్దు."

మధ్యాహ్నం పిల్లలు చాపల మీద చేరారు. జీవమ్మ మూతికి కొంగు అడ్డం పెట్టుకుని, దూరంగా కిటికీ దగ్గర నిలబడింది.

"ఈయప్ప పేరు వెర్డీ. ఇటలీ దేశం. మన వీధినాటకం మాదిరే పాటలతోనే కథ నడిపించేటోడు. పారిస్ పట్నమోళ్లు నడుమ ఆట లేకుంటే ఒప్పుకోరంట. అందుకని ఈ మేళం కట్టినాడు."

"మాటలు యాడ పంతులమ్మా?" అంది ముందు కూర్చున్న ఎస్తేరమ్మ.

"ఉండవు. ఈడ మాట్లాడేది కాళ్లే."

ముల్లు ప్లేటు మీద వాలింది. పక్కింట్లో మోగుతున్నట్టు సన్నగా మేళం మొదలైంది. పిల్లలు చేతులు కట్టుకుని బిగుసుకుపోయారు.

"దీనికి మాకు ఆడేదానికి రాదు పంతులమ్మా."

"ఆడలేక మద్దెల ఓడంటాండారా? లేయండి. మీ ఊర్లో గొబ్బి తడతారే, ఆ అడుగే వేయండి."

గొబ్బి! మిషను గోడల మధ్య ఆ మాట పలికితేనే తప్పు. ఎస్తేరమ్మ బెదురుతూ లేచింది. తర్వాత అందరూ లేచారు. గుండ్రంగా తిరుగుతూ, వంగుతూ, చప్పట్లు తట్టారు. అడుగు ఒకచోట తప్పింది, మళ్లీ కలిసింది.

లేవి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. జీవమ్మ ఆయన్ను చూసింది. పిల్లల్ని ఆపలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆమె చేసిన తలబిరుసు పని అదొక్కటే. చీర అంచు కింద ఆమె పాదం కూడా కదులుతూ ఉంది.

ప్లేటు అయిపోయింది. లేవి లోపలికి వచ్చాడు.

"బస్సుకు పొద్దాయె జీవమ్మా," అన్నాడు. ఆమె ట్రంకుపెట్టె తానే ఎత్తుకున్నాడు.

చలికాలంలో ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. ప్రార్థనలో ఆమె పేరు చెప్పబోయి లేవి ఏడ్చాడు. కొన్నాళ్లకు కర్నూలు నుంచి ఉక్కు ముళ్ల డబ్బా కూడా వచ్చింది. బిగిద్దామని ఆయన గ్రామఫోను మూత ఎత్తాడు, డబ్బా విప్పకుండానే మళ్లీ మూసేశాడు. లోపల, మొన అరిగిన తుమ్మముల్లు ఆమె బిగించినట్టే ఉంది.