అత్తగారి ఫోనులో కోడలి ఖాతా

ఫోన్ల దుకాణంలో పనిచేసే చిన్న కోడలి నోరు ఒక్క క్షణం ఊరుకోదు. "పాస్‌వర్డ్ కట్టుకున్నవాడికి కూడా చెప్పకండి" అని వచ్చిన ప్రతివాళ్ళకీ క్లాసు పీకుతుంది. అంత తెలివి! కొత్త ఫోను తెరిచినప్పుడు మాత్రం ఆ దుకాణంలో అందరూ చేసే పనే తనూ చేస్తుంది. త్వరగా అయిపోతుందని సొంత ఖాతాతో లాగిన్ అయి, యాప్‌లన్నీ దించి, డబ్బా మూసే ముందు ఆ ఖాతా తీసేస్తుంది.

అత్తగారికి తెచ్చిన కొత్త ఫోనుకి డబ్బా మూసే పని పడలేదు. నేరుగా ఆవిడ చేతిలో పెట్టేసింది. ఖాతా అందులోనే ఉండిపోయింది.

మోకాలి ఆపరేషన్ అయినప్పటి నుంచి అత్తగారికి ఈ కోడలే కాళ్ళూ చేతులూ. కన్నకొడుకు చెయ్యందించినా, "నా కోడల్ని రానీరా" అని మంచం మీదే కూర్చునేది. స్నానానికైనా, వరండాలోకైనా ఆ భుజమే కావాలి.

సెలవు రోజు పొద్దున కోడలు బట్టలు మడతపెడుతుంటే, ముందు గదిలోంచి తన గొంతే తనకు వినపడింది.

"చూడవే అక్కా, మా మహారాణిగారి ఊరేగింపు!"

వెనకే తన నవ్వు. తన ఫోను తన పక్కనే ఉంది మరి.

అది మొన్న పుట్టింట్లో ఉన్న అక్కకు పంపిన వీడియో. కోడలు వచ్చేదాకా ఆగకుండా అత్తగారు స్నానాల గదిలోంచి తువ్వాలు చుట్టుకుని, గోడ పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ వస్తుంటే తలుపు చాటు నుంచి తీసింది. పంపి మర్చిపోయింది.

పరుగున వెళ్ళేసరికి అత్తగారు ఫోను ఒళ్ళో పెట్టుకుని ఉంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నీ ఫోటోలన్నీ ఇందులోకి ఎందుకొస్తున్నాయే అమ్మాయ్?"

"అత్తయ్యా... అదీ... ఏదో సరదాకి..."

"నేనిలా నడుస్తున్నానా? బాగానే నడుస్తున్నారన్నావు కదే."

కోడలికి తల కొట్టేసినట్టయింది. ఫోను తీసుకుని ఖాతా తీసేసింది. దుకాణంలో కళ్ళు మూసుకుని చేసే పనే. కానీ ఆ వీడియో అక్క ఫోనులోంచి ఎలా తీస్తుంది? అక్క ఇంకెవరెవరికి పంపి నవ్వుకుందో! సిగ్గుతో ముఖం ఎత్తలేకపోయింది.

"స్నానానికి రండి అత్తయ్యా" అని ఎప్పటిలాగే భుజం వంచింది.

అత్తగారు కదల్లేదు.

"నేను వెళ్తాలే అమ్మా."

"ఒక్కరే ఎలా వెళ్తారు? పడిపోతారు."

"నువ్వు ఆ గదిలోకెళ్ళి తలుపేసుకో" అంది అత్తగారు, గోడకేసి చూస్తూ. "అప్పుడు నడుస్తాను."